ఒకటోసారి... రెండోసారి... మళ్లీ ఒకటోసారి

అబద్ధం మీద కోపమొస్తే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. నిజం మీద కోపమొస్తేనే నిద్ర పట్టదు. కొన్నాళ్లుగా నా చెవి దగ్గర జోరీగలా తిరుగుతున్నది అలాంటి నిజమే. ‘వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్ యాభై డాలర్లకే! తొంభై అయిదు శాతం ఆదా!’ సబ్బు రుద్దితే సినిమాతార అవుతారన్న మాటని మనం ఎప్పుడూ నమ్మలేదు కాబట్టి దాని మీద మనకి కోపం లేదు. ఇది ఆ రకం కాదు. ల్యాప్‌టాప్ నిజంగా వెయ్యి డాలర్లదే. ఎవరో ఒక మహానుభావుడు దాన్ని నిజంగానే యాభై డాలర్ల ధరకి పాడుకుని పట్టుకెళ్లాడు. అంకెలు సరిపోయాయి, రసీదు ఉంది, నవ్వుతున్న ఫొటో కూడా ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నచోట డబ్బు ఎక్కడ పోయిందో వెతకడం, ఇంట్లో తాళం వేసిన పెట్టెలోంచి లడ్డూలు మాయమైతే దొంగని వెతకడం లాంటిది. తాళం బద్దలైతే అదో తృప్తి. ఇక్కడ తాళం తాళంలాగే ఉంది.

ముందుగా డబ్బు కట్టి బిడ్లు కొనుక్కుని ఆడే ఈ ఆన్‌లైన్ తంతుని అమెరికాలో పెన్నీ ఆక్షన్ అంటారు. పైసా వేలం అనుకోండి. నడిచే తీరు రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. 2009 ప్రాంతంలో స్వూపో అనే సైటు అమెరికన్లకి ఒక్కో బిడ్డు 60 సెంట్లకి అమ్మేది. వస్తువు ధర సున్నా దగ్గర మొదలవుతుంది. మీరొకసారి నొక్కితే ధర ఒక్క సెంటు పెరుగుతుంది, గడియారం మళ్లీ పది ఇరవై సెకన్లు పొడుగవుతుంది. గడియారం సున్నా కొట్టేసరికి చివర నొక్కినవాడు ఎవడో వాడిది వస్తువు. తెర మీద ఉన్న ధర కట్టి తీసుకుంటాడు. మిగతావాళ్లు పెట్టిన అరవయ్యేసి సెంట్లు తిరిగి రావు. ఇప్పుడు ఎక్కాలు అందుకుందాం. ధర యాభై డాలర్లకి చేరిందంటే అప్పటికి అయిదు వేల నొక్కుళ్లు పడ్డాయన్నమాట. అయిదు వేల సార్లు అరవై సెంట్లంటే మూడు వేల డాలర్లు. విజేత కట్టే యాభై కలిపితే 3,050. అంటే మూడు ల్యాప్‌టాప్‌ల డబ్బు వసూలు చేసి, ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, ‘మేం ఎంత చవగ్గా ఇచ్చామో చూశారా’ అని ఊరంతా దండోరా వేయించడం. పైగా ఆ విజేత కూడా ఊరికే గెలవలేదు. వాడు నాలుగు వందల సార్లు నొక్కి ఉంటే అదొక 240 డాలర్లు. వాడికి నిజంగా పడిన ఖరీదు 290. తొంభై అయిదు శాతం ఆదా కాస్తా డెబ్భై ఒకటికి దిగింది. ఫొటోలో నవ్వు మాత్రం తొంభై అయిదు శాతం దగ్గరే ఆగి ఉంది.

నా మొదటి తగాదా పేరుతోనే. దీన్ని వేలం అనడానికి వీల్లేదు. వేలం అన్న మాట పోర్చుగీసువాళ్ల ‘లెయిలావ్’ నుంచి మన వైపు వచ్చిందని, దానికీ మూలం అరబ్బీలో చాటింపు అనే అర్థమున్న మాట అని చెబుతారు. అంటే నలుగురు వినేలా ఎలుగెత్తి చెప్పడం దాని పుట్టుకలోనే ఉంది. మనవాళ్లకి అది చాలక దానికి పాట తగిలించారు. చెరువులో చేపల పాట, కొబ్బరి తోట పాట, సంత పాట, గుళ్లో తలనీలాల పాట. ధర చెప్పడం కాదు, పాడటం. గొంతు బొంగురుగా ఉన్నా, శ్రుతి తప్పినా అడిగేవాడు లేడు, జేబు శ్రుతిలో ఉంటే చాలు. హెచ్చు పాటగాడు పాటదారు అవుతాడు. ఇక తాళం సంగతి: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఈ మూడు దెబ్బల్లో ఉన్న న్యాయం గొప్పది. ‘ఇంకా ఉన్నావా, ఆలోచించుకున్నావా, ఇక చాలునా’ అని మూడుసార్లు అడిగాకే కొట్టేస్తారు. పైసా వేలంలో ఈ తాళం ఎప్పటికీ పూర్తికాదు. ఒకటోసారి... రెండోసారి... ఎవడో నొక్కాడు... మళ్లీ ఒకటోసారి. మూడోసారి అనబోయి నోరు తెరిచి, మూసేసి, మళ్లీ మొదటికొచ్చే వేలంవాణ్ని ఊహించుకోండి. మన సంతలో అయితే రెండో గంటకే వాడి చేతిలో సుత్తి లాక్కునేవాళ్లు.

సరిగ్గా అర్థం కావాలంటే బాలాపూర్ వెళ్లాలి. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గణేశుడి చేతిలో 21 కిలోల లడ్డూ ఉంటుంది. నిమజ్జనం రోజు పొద్దున్నే ఊరి నడిమధ్య దాన్ని వేలం వేస్తారు. 1994లో మొదటి పాట 450 రూపాయలు. 2024లో 30 లక్షల ఒక వెయ్యి. 2025లో 35 లక్షలు. ముప్ఫై ఏళ్లలో 450 ముప్ఫై అయిదు లక్షలయిన పెట్టుబడి ఇంకొకటి చూపించమంటే షేర్ మార్కెట్ పండితులు కూడా తల గోక్కుంటారు, కాకపోతే ఈ షేరుని తినేయవచ్చు. పాడుకున్నాయన బంధువులకింత పంచుతాడు, పొలంలో ఇంత చల్లుతాడు. డబ్బు ఊరి పనులకి పోతుంది. లడ్డూ ఖరీదు అన్యాయం అని మీరనొచ్చు. కానీ ఆ 35 లక్షలూ ఒక్కాయనే ఇచ్చాడు, ఇచ్చేది ఎంతో తెలిసి ఇచ్చాడు. చివరిదాకా గొంతు చించుకుని ఆగినాయన కండువా దులుపుకుని జేబు బరువు తగ్గకుండా ఇంటికెళ్లాడు. ఓడిపోవడానికి ఆయనకి పైసా ఖర్చు కాలేదు.

ఇప్పుడు అదే లడ్డూని స్వూపో పద్ధతిలో పెట్టండి. పాట సున్నా నుంచి మొదలు. ఒక్కో కేకకి రూపాయి పెరుగుతుంది. కేక వేసిన ప్రతిసారీ కమిటీ పెట్టెలో అరవై రూపాయలు వేయాలి. కమిటీకి అదే 35 లక్షలు రావాలంటే పాట ఎంత దగ్గర ఆగాలో లెక్క వేశాను: 57,377 రూపాయల దగ్గర ఆగితే చాలు, మూడు రూపాయలు తక్కువ 35 లక్షలు వస్తాయి. ఆ మూడు రూపాయలు కమిటీ అధ్యక్షుడు చేతి నుంచి వేసుకుంటాడు, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం కాలం. 57,377 కేకలు. కేకకి కేకకి మధ్య పది సెకన్లు వేసుకున్నా ఆరున్నర రోజులు దాటుతుంది. నిమజ్జనం రోజు పొద్దున మొదలైన పాట, రాత్రీ పగలూ ఆగకుండా, మళ్లీ వారానికి గానీ తెమలదు. వినాయకుడు లారీ ఎక్కి కూర్చునే ఉంటాడు. హుస్సేన్ సాగర్ దగ్గర క్రేన్ డ్రైవరు డ్యూటీ దిగి, వారాంతపు సెలవు తీసుకుని, మళ్లీ డ్యూటీ ఎక్కుతాడు. బ్యాండు మేళంవాళ్లు రోజుకింత అని అడ్వాన్సు పెంచుతారు. మూడో రోజుకి ఎలుక దిగి వెళ్లిపోయినా ఆశ్చర్యం లేదు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున, అందరూ కునుకు తీస్తున్న పది సెకన్ల సందులో, టీ తాగడానికి లేచిన ఒకాయన అలవాటు కొద్దీ ఒక కేక వేస్తాడు. మూడోసారి. లడ్డూ ఆయనది. మర్నాడు పేపర్లో: ‘35 లక్షల లడ్డూ 57 వేలకే! తొంభై ఎనిమిది శాతం తగ్గింపు!’ మిగిలిన 57,376 కేకలు వేసినవాళ్లు గొంతుకి పసుపు పాలు తాగుతూ ఆ వార్త చదువుకుంటారు. అప్పటికి లడ్డూ కూడా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంత దూరం ఈ లడ్డూ వెంట వచ్చినందుకు క్షమించాలి గానీ, తెర మీద ఆరు అంగుళాల బొమ్మగా కనిపించే వ్యవహారాన్ని నడివీధిలో నిలబెడితే తప్ప దాని ఆకారం తెలియదు.

అసలు ఓడినవాడికి డబ్బు పంచే వేలం కూడా మనకుంది. చిట్టీ పాట. అవసరం ముంచుకొచ్చినవాడు తనకొచ్చేదాంట్లో ఇంత తగ్గించుకుంటానని పాడి చిట్టీ ఎత్తుకుంటాడు. ఆ తగ్గించినదాన్ని పాటలో గెలవనివాళ్లతో సహా అందరికీ డివిడెండుగా పంచుతారు. ఫోర్‌మన్ ఎంత కమీషన్ తీసుకోవచ్చో కూడా చట్టమే గీత గీసింది: 1982 చట్టంలో 5 శాతం, 2019 సవరణ తర్వాత 7. బోర్డు తిప్పేసిన చిట్టీలవాళ్ల కథలు మనకి కొల్లలు, కాదనను. అయినా ఏడు శాతం దగ్గర ఫోర్‌మన్‌ని కాపలా కాసే దేశంలో ఉండి, పైసా వేలం నడిపేవాడి వాటా ఎంతో తెలిస్తే కళ్లు తిరుగుతాయి. నెడ్ ఆగెన్‌బ్లిక్ అనే ఆర్థికవేత్త 1,66,000 వేలాల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. 2016లో అచ్చయిన ఆయన పరిశోధన ప్రకారం నడిపేవాళ్ల లాభం సగటున యాభై శాతం పైనే. అందరూ చల్లగా, లెక్కగా ఆడితే ఆ లాభం సున్నా దగ్గర ఉండాలని కూడా ఆయనే గణితం చేసి చూపించాడు. సున్నాకీ యాభైకీ మధ్య ఉన్నది ఏమిటి? ఆడేవాళ్ల మనసు. ఇప్పటికే పెట్టింది వృథా పోకూడదని మరికాస్త పెట్టే మన పాత జబ్బు.

ఈ జబ్బుని ఇంటర్నెట్ పుట్టకముందే ఒకాయన ఒక్క డాలరు నోటుతో బయటపెట్టాడు. ఆర్థికవేత్త మార్టిన్ షూబిక్ 1971లో రాసిన ఆట అది. ఒక డాలరు నోటు వేలం వేస్తారు. హెచ్చు పాట పాడినవాడికి డాలరు వస్తుంది. కానీ రెండో స్థానంలో ఆగినవాడు కూడా తన పాట మొత్తం కట్టాలి, వాడికేమీ రాదు. మొదట అందరికీ నవ్వులాట. తొంభై సెంట్లు పాడినవాడు వెనకబడితే తొంభై పోతాయి కాబట్టి డాలరు అంటాడు. రెండోవాడు ఊరుకుంటే తన డబ్బు పోతుంది కాబట్టి డాలరు పది అంటాడు. డాలరు నోటుకి డాలరు పది! అక్కడి నుంచి అది నోటు గురించి ఆట కాదు, పక్కవాడి గురించి ఆట. ఇద్దరూ కలిసి కట్టేది మూడు నుంచి అయిదు డాలర్ల దాకా పోవడం వింతేమీ కాదని షూబికే రాశాడు. ఆయన దాన్ని ఒక హెచ్చరికగా రాశాడు. దాన్ని వ్యాపార ప్రణాళికగా చదువుకున్నవాళ్లు తర్వాత వచ్చారు. 2005లో జర్మనీలో టెలీబిడ్ పేరుతో మొదలై, 2008లో స్వూపోగా పేరు మార్చుకుని అమెరికా చేరిన దుకాణం షూబిక్‌ని మించిపోయింది. ఆయన ఆటలో ఇద్దరే కట్టాలి. ఇక్కడ ప్రతివాడూ కట్టాలి. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 2009లోనే న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద రాశాడు; ఆయనకి 2017లో నోబెల్ వచ్చింది గానీ ఈలోగా బిడ్లు కొన్నవాళ్లకి ఏమీ రాలేదు.

ఈ మాటలు చెప్పగానే వచ్చే మొదటి జవాబు తెలుసు: ‘నిబంధనలన్నీ రాసే ఉన్నాయి, ఎవరూ బలవంతం చేయలేదు.’ నిజమే, రాసే ఉన్నాయి. కానీ నా అభ్యంతరం రాసిన చోటు గురించి. తెర నడుమ పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఎవరూ నష్టపోని అంకె, గెలిచినవాడు చివర్లో కట్టే నామమాత్రపు ధర. అసలు డబ్బు పోయే అంకె, అంటే మీరు ఇప్పటిదాకా నొక్కిన నొక్కుళ్ల మొత్తం, అందరూ కలిసి నొక్కిన మొత్తం, ఆ వేలం తెర మీద అంత పెద్ద అక్షరాల్లో లేదు. డాలర్లని ముందే బిడ్లుగా మార్చేయడం కూడా అందుకే. జేబులోంచి నోటు తీస్తే చేయి వణుకుతుంది. ‘బిడ్లు మిగిలినవి: 37’ అన్నదాంట్లోంచి ఒకటి తీస్తే ఏ చేయీ వణకదు. కాసినోవాళ్లు డబ్బుని ప్లాస్టిక్ బిళ్లలుగా మార్చేది ఇందుకే, బిళ్లలు అందంగా ఉంటాయని కాదు. పైగా స్వూపోలో కొన్ని వేలాల్లో పెట్టిన వస్తువే బిడ్ల మూట. బిడ్లు ఖర్చుపెట్టి బిడ్లు గెలుచుకోవాలి. జొన్నలు పోసి జొన్నలు కొనడంలో ఎవరికి లాభమో తూకం వేసేవాణ్ని అడగండి.

రెండో జవాబు కాస్త తెలివైనది: ‘ఇది వినోదం. సినిమా టికెట్ డబ్బు తిరిగిస్తారా?’ స్వూపోని నడిపిన కంపెనీ తన అసలు పేరే ఎంటర్‌టైన్‌మెంట్ షాపింగ్ అని పెట్టుకుంది కాబట్టి ఈ వాదనని కొట్టిపారేయలేం. అయినా సినిమాకి టికెట్ ఒక్కసారే కొంటాం, ధర లోపలికి వెళ్లకముందే తెలుస్తుంది. ప్రతి పది సెకన్లకీ ఇంటర్వెల్ వేసి, ‘క్లైమాక్స్ ఇదిగో వచ్చేస్తోంది, ఇంకో టికెట్ కొనండి’ అనే హాలు ఉంటే మనవాళ్లు కుర్చీలు పీకుతారు. పైగా ఈ వినోదంలో మనం లేకపోయినా ఫర్వాలేదట. స్వూపోలో బిడ్‌బట్లర్ అని ఒక కంప్యూటర్ నౌకరు ఉండేవాడు. ఇన్ని బిడ్లు అప్పగిస్తే, యజమాని నిద్రపోతున్నా వాడే ఆఖరి సెకన్లలో నొక్కుతూ ఉంటాడు. ఇద్దరు పెద్దమనుషులు ఇద్దరు నౌకర్లని పెట్టుకున్నారనుకోండి. అర్ధరాత్రి ఇద్దరు నౌకర్లూ ఒకరి మీద ఒకరు నొక్కుకుంటూ, యజమానుల డబ్బుతో కోడిపందెం ఆడుకుంటారు. పొద్దున లేచేసరికి ఇద్దరి పుంజులూ చచ్చి ఉంటాయి, పందెం డబ్బు బరి యజమాని పట్టుకుపోతాడు. వినోదించింది ఎవరు?

‘ఓడినా పూర్తి ధర కట్టి వస్తువు కొనుక్కోవచ్చు, పెట్టిన బిడ్ల డబ్బు అందులో తగ్గిస్తాం’ అన్న ఏర్పాటు తర్వాత వచ్చింది. నష్టానికి అదొక మూత, ఒప్పుకుంటాను. కానీ ఏం జరిగిందో చూడండి. ఎనభై శాతం తగ్గింపు కోసం వచ్చినవాడు రెండు గంటలు నొక్కి, చివరికి వాళ్లు చెప్పిన ధరకే, రూపాయి తగ్గకుండా, టోస్టరు కొనుక్కుని ‘నష్టం తప్పించుకున్నాను’ అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ టోస్టరు పక్కవీధి దుకాణంలో అంతకన్నా తక్కువకే ఉండొచ్చు. బేరం ఆడటానికి వెళ్లి, బేరం ఆడనందుకు సంతోషపడుతూ రావడం మా తరానికి కొత్త.

ఇక నైపుణ్యం వాదన. ‘తెలివిగా ఆడేవాళ్లు గెలుస్తారు.’ అవును, గెలుస్తారు. ఝోంగ్‌మిన్ వాంగ్, మిన్బో షూ అనే ఇద్దరు ఇలాంటి మరో సైటు లెక్కలు తీస్తే తేలింది అదే: కొత్తగా వచ్చినవాళ్లలో చాలా చాలామంది డబ్బు పోగొట్టుకుని త్వరగానే వెళ్లిపోయారు, అనుభవం పండిన బహు కొద్దిమంది మాత్రం బాగా లాభపడ్డారు. అంటే ఆ నేర్పరి ఎదురుగా కూర్చునేది యజమాని కాదు, నిన్ననే ఖాతా తెరిచిన అమాయకుడు. ఈ నైపుణ్యం వాదన మనకీ కొత్త కాదు. ఆన్‌లైన్ రమ్మీ విషయంలో ఏళ్ల తరబడి విన్నాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండానే వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. వేలం అని పేరు పెట్టుకున్న ఆటని అందులో ఎటు కూర్చోబెడతారో వకీళ్లు చూసుకుంటారు. అమెరికాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాత్రం 2011లోనే ప్రజల్ని హెచ్చరిస్తూ, ఇది మామూలు ఆన్‌లైన్ వేలం కన్నా లాటరీకి దగ్గరగా ఉందని తేల్చింది. ఇదంతా నిజాయితీగా నడిచే సైట్ల సంగతి. కంప్యూటరు చేత దొంగ పాటలు పాడించే సైట్ల జోలికి నేను వెళ్లడం లేదు. దొంగని దొంగ అనడానికి ఇన్ని పేరాలు అక్కర్లేదు.

‘యాభై శాతం లాభమే ఉంటే స్వూపో 2011 మార్చిలో దివాలా ఎందుకు తీసింది?’ అన్న ప్రశ్న ఒక్కటే నన్ను కాసేపు ఆపింది. నాకు తోచిన జవాబు ఇది. ఓడినవాడు తిరిగి రాని దుకాణం అది. సెలూన్‌కి వెళ్లినవాడు నెలకి మళ్లీ వస్తాడు, వెంట్రుక ఆగదు కాబట్టి. ఇక్కడ ఒకసారి గుండు చేయించుకున్నవాడికి మళ్లీ జుట్టు మొలవాలి కదా. కాబట్టి ఎప్పుడూ కొత్త తలలు వెతకాలి, కొత్త తలల కోసం ప్రకటనలకి కుమ్మరించాలి. ఈ సంగతి ఒంటబట్టించుకున్న ఘనుడు అమెరికాలోని నార్త్ కరోలినాలో పాల్ బర్క్స్. ఆయన జీక్లర్ అనే పైసా వేలం సైటు పెట్టి, దాని పక్కనే జీక్ రివార్డ్స్ అని ఇంకో వాకిలి తెరిచాడు. మీరు వేలంలో పాడనక్కర్లేదు, పెట్టుబడి పెడితే వేలం లాభాల్లో రోజువారీ వాటా ఇస్తామన్నారు. లాభాల్లో సుమారు 98 శాతం వేలం నుంచి కాదు, కొత్తగా చేరినవాళ్ల డబ్బు నుంచే వస్తోందని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 2012 ఆగస్టులో తేల్చి మూయించింది. అరవై కోట్ల డాలర్ల గొలుసుకట్టు, పది లక్షల పైచిలుకు జనం. 2017లో బర్క్స్‌కి పద్నాలుగేళ్ల ఎనిమిది నెలల శిక్ష పడింది. చెరువులో చేపలు లేకపోయినా చేపల పాట వాటాలు అమ్మవచ్చని ఆయన నిరూపించాడు.

ఇంతసేపూ సైట్లని తిట్టాను. తిట్టినంత మాత్రాన చెయ్యి ఎందుకు నొక్కుతుందో తెలిసిపోదు. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనకో సామెత ఉంది. అరెకరం గట్టు కోసం రెండెకరాలు అమ్మిన దావాలు మన జిల్లాల్లో ఎన్నో. అక్కడా ప్రతి వాయిదాకీ ఒక బిడ్డు. అక్కడా గడియారం సున్నా దాకా వచ్చి మళ్లీ పొడుగవుతుంది. ఆపితే ఇప్పటిదాకా పోయింది పోయినట్టే అవుతుంది. ఆపనంత వరకూ అది పోలేదు, ఎక్కడో దారిలో ఉంది. మనిషి డబ్బు పోగొట్టుకోవడానికి భయపడడు, పోయిందని ఒప్పుకోవడానికి భయపడతాడు. ఊరి పాటలో దీనికొక మందు ఉండేది. పాట చేయిదాటుతుంటే వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగేవాళ్లు. బావమరిదో, చిన్నాన్నో, ఏ సంబంధమూ లేని ఊరివాడో. ‘చాల్లే రా, ఇంక రా’ అని. వాడి మీద కోపమొచ్చేది, కానీ వాడి వంకన ఆగిపోవచ్చు. మనం ఓడినట్టు కాదు, వాడు లాగేశాడు. రాత్రి పన్నెండింటికి ఫోన్ వెలుగులో ఒంటరిగా కూర్చుని నొక్కేవాడికి వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గోడ ఎవరి చొక్కానూ లాగదు.

అందుకని పెద్ద కోరికలేమీ కోరను. మూసేయమనను, శిక్షలు వేయమనను. ఒకటి మూస్తే పేరు మార్చి ఇంకోటి తెరుస్తారు. తెర మీద ధర చూపించే చోటే, అంతే పెద్ద అక్షరాల్లో, రెండో అంకె ఒకటి చూపించమనండి: ‘ఈ వస్తువు కోసం ఇప్పటిదాకా అందరూ కలిసి కట్టింది ఇంత, అందులో మీరు కట్టింది ఇంత.’ యాభై డాలర్ల పక్కన మూడు వేల యాభై. అది వాళ్ల కంప్యూటర్లో ఎలాగూ ఉంటుంది, కొత్తగా లెక్క వేయక్కర్లేదు. ఈ సైట్ల నుంచి మీకో, అమెరికాలో ఉన్న మీ పిల్లలకో ‘గెలవండి’ అన్న మెయిల్ వచ్చినప్పుడు, జవాబుగా ఈ ఒక్క ముక్క రాసి పంపండి. ఆ అంకె కనబడిన మర్నాడు అక్కడ ఎంతమంది మిగులుతారో, నేను బిడ్డు కొనకుండానే చెప్పగలను.